పర్లాకిమిడి టైపింగ్ షాపుల ఇంగ్లీషు అర్జీలు: టైపు బాగుంది, చివరి పేరా మాత్రం మీరే చూసుకోండి

పర్లాకిమిడిలో ఇంగ్లీషు అర్జీ రాయించుకోవడానికి పెద్దగా తిరగక్కర్లేదు. ఆఫీసుల చుట్టుపక్కల జిరాక్సు మిషను ఉన్నచోట ఒక కంప్యూటరు, దాని ముందు ఒక కుర్రాడు ఉంటారు. మన గోడు తెలుగులో చెప్పుకుంటే చాలు, ఇంగ్లీషు ఉత్తరం చేసి చేతిలో పెడతారు. ఈ సమీక్ష ఆ సేవ గురించి. షాపుల పేర్లు రాయడం లేదు, ఎందుకంటే పని తీరులో పెద్ద తేడా లేదు. మంచీ ఒకటే, లోపమూ ఒకటే.

ఇంగ్లీషే ఎందుకంటారా? మహేంద్రతనయ నది దాటి ఆంధ్రలోని పాతపట్నం వైపు ఆఫీసుకైతే తెలుగులో రాసుకోవచ్చు. ఇవతల ఒడిశా ఆఫీసులో తెలుగు అర్జీ చదివేవాళ్లు దొరకడం కష్టం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడే ఇళ్లలో పెద్దవాళ్లకు ఒడియా నోటికి వచ్చినంత చేతికి రాదు. సమాచార హక్కు దరఖాస్తయితే చట్టంలోనే ఉంది: 6వ సెక్షను ప్రకారం ఇంగ్లీషు, హిందీ, లేదా ఆ ప్రాంతపు అధికార భాష. అంచేత ఇంగ్లీషే మధ్యేమార్గం. తహశీల్దారు ఆఫీసులో మామూలు పనికి ఒడియా రాసేవాళ్లు దొరికితే అదే మేలు, ఫైలు తొందరగా కదులుతుంది. ఈ మాట షాపువాళ్లే చెప్తారు, అది వాళ్ల నిజాయితీ.

ముందు మంచి చెప్పుకుందాం. మార్జిన్లు, తేదీ, ఎవరికి, ఎవరి ద్వారా, సబ్జెక్టు లైను, కింద జతపరిచిన కాగితాల జాబితా, అన్నీ ఉండాల్సిన చోట ఉంటాయి. పేరు ఆధారులో ఉన్నట్టే కొడతారు. ఊరి పేరు మనం పలికినట్టు కాకుండా రికార్డుల్లో ఉన్న ‘పరలఖెముండి’ స్పెల్లింగుతో వేస్తారు. ఇది చిన్న విషయం కాదు, ఊరి స్పెల్లింగు తేడా వచ్చిందని వెనక్కి తిరిగిన కాగితాలు ఉంటాయి. సమాచార హక్కు దరఖాస్తుకు ఒడిశా నియమాల్లోని ఫారం-ఎ ఉండాలని గుర్తుచేస్తారు. స్పెల్లింగు తప్పులు అరుదు. ఇంతవరకూ పెట్టిన డబ్బుకు న్యాయమే.

తేడా ఎక్కడంటే, జరగబోయేదాని గురించి రాసే వాక్యాల్లో. ఎప్పటికి అవుతుందనుకుంటున్నాం, ఎప్పటికి అయి ఉండాల్సింది, ఎప్పటికల్లా చేసిపెట్టమని అడుగుతున్నాం, ఈ మూడూ కలగాపులగం అవుతాయి. అర్జీకి ప్రాణం ఆ వాక్యమే. పైన రెండు పేరాలు ఎంత బాగా ఉన్నా గుమాస్తా కన్ను పడేది ‘వీళ్లకు ఏం కావాలి, ఎప్పటికి’ అన్నచోటే.

కారణం కుర్రాడి చదువు తక్కువని కాదు. తెలుగులో ‘రావాలి’ అన్న ఒక్క మాట మూడు పనులు చేస్తుంది. ‘రేపు ఆఫీసుకు రావాలి’ అంటే ఆజ్ఞ. ‘బండి ఈపాటికి రావాలి’ అంటే అంచనా. ‘ఇంకా మూడు నెలల పింఛను రావాలి’ అంటే బాకీ. వినేవాళ్లకు సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. ఇంగ్లీషులో మూడింటికీ మూడు దారులు: మొదటిదానికి ‘మస్ట్ కమ్’, రెండోదానికి ‘షుడ్ హావ్ అరైవ్డ్ బై నౌ’, మూడోదానికి ‘ఈజ్ స్టిల్ డ్యూ టు మీ’. షాపులో మూడింటికీ ‘మస్ట్ కమ్’ పడిపోతుంది. ‘మై త్రీ మంత్స్ పెన్షన్ మస్ట్ కమ్’ అని చదివిన బ్యాంకు మేనేజరుకు అందులో దబాయింపు కనిపిస్తుంది గాని బాకీ కనిపించదు. ‘పెన్షన్ ఫ్రమ్ జనవరి టు మార్చ్ ఈజ్ స్టిల్ డ్యూ టు మీ’ అని రాస్తే ఏ నెలలో, ఎవరికి, ఎంత కాలంగా అన్నది ఒక్క వాక్యంలో తేలుతుంది. ఫోనులో అనువాదం యాప్ పెట్టి చేసే చోట కూడా ఇదే ఇబ్బంది రావచ్చు. సందర్భం లేని ముక్క వాక్యం ఇస్తే యంత్రం మాత్రం ఏది పట్టుకుంటుంది?

‘వస్తుంది’తోనూ ఇదే గొడవ. ప్రతి నెలా వచ్చేదానికీ, ఈసారి రాబోయేదానికీ మనకు అదే రూపం. ఇంగ్లీషులో మొదటిది ‘ఈజ్ క్రెడిటెడ్ ఆన్ ద ఫస్ట్ ఆఫ్ ఎవ్రీ మంత్’, రెండోది ‘విల్ బి క్రెడిటెడ్’. ఇది మార్చి రాస్తే ఎప్పుడూ జరిగే పద్ధతి చెప్తున్నారా, ఈ నెల మాటా అన్నది తెలియదు.

ఇక ‘ఎక్స్‌పెక్టెడ్ టు’. షాపుల ఉత్తరాల్లో అన్నిటికన్నా ఎక్కువ హాని చేసేది ఇదే, అంచేత కాస్త ఆగి చూద్దాం. దీనికి రెండు ముఖాలున్నాయి. కర్త వస్తువో పనో అయితే అంచనా: ‘ద సర్టిఫికెట్ ఈజ్ ఎక్స్‌పెక్టెడ్ టు బి ఇష్యూడ్ బై 20 జూన్’. అదే కర్త మనిషైతే ఆదేశం కావచ్చు, ‘యూ’ అయితే దాదాపు ఆదేశమే: ‘యూ ఆర్ ఎక్స్‌పెక్టెడ్ టు ఇష్యూ ద సర్టిఫికెట్’. ఇది హెడ్మాస్టరు పిల్లలకు రాసే వాక్యం. పరీక్ష హాల్ టికెట్ల మీద, హాస్టలు నియమాల్లో ‘క్యాండిడేట్స్ ఆర్ ఎక్స్‌పెక్టెడ్ టు రిపోర్ట్’ అని ఉంటుంది కదా, అక్కణ్నుంచి అర్జీల్లోకి దిగుమతి అయింది. తహశీల్దారుకు రాసే కాగితంలో ఇది పడితే అర్జీదారు అధికారికి ఆర్డరు వేసినట్టుంటుంది. రాయాల్సింది ‘ఐ రిక్వెస్ట్ యూ టు ఇష్యూ ద సర్టిఫికెట్ బై 20 జూన్’. దానికి ఒక కారణం కూడా కలిపితే బలం: ‘యాజ్ కాలేజ్ అడ్మిషన్స్ క్లోజ్ ఆన్ 25 జూన్’. ‘ఐ ఎక్స్‌పెక్ట్ యువర్ ఎర్లీ రిప్లై’ కూడా ఇదే జాతి. మర్యాదగా అనిపిస్తుంది గాని కాదు. ‘ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఫర్ ఎ రిప్లై బై’ అని తేదీ వేస్తే మర్యాదా ఉంటుంది, గడువూ ఉంటుంది.

‘ఎక్స్‌పెక్ట్’తో వచ్చే వ్యాకరణం తప్పులు రెండు. మొదటిది ‘ఎక్స్‌పెక్టింగ్ ఫర్ యువర్ రిప్లై’. ‘వెయిట్’కూ ‘హోప్’కూ ‘ఫర్’ కావాలి, ‘ఎక్స్‌పెక్ట్’కు అక్కర్లేదు. రెండోది ‘ఈజ్ ఎక్స్‌పెక్టెడ్ దట్’ అని కర్త లేకుండా మొదలయ్యే వాక్యం. మనకు ‘అవుతుందని అనుకుంటున్నారు’ అంటే సరిపోతుంది, కర్త లేకపోయినా లోటుండదు. ఇంగ్లీషులో ఆ ఖాళీ ‘ఇట్’ పెట్టి పూడ్చాలి: ‘ఇట్ ఈజ్ ఎక్స్‌పెక్టెడ్ దట్’. చివరి మర్యాద లైనులో ‘లుకింగ్ ఫార్వర్డ్ టు హియర్’ అని కొట్టేస్తారు, అక్కడ ‘హియరింగ్’ ఉండాలి.

‘డ్యూ’కూ ‘ఎక్స్‌పెక్టెడ్’కూ తేడా ఈ ఊళ్లో ఎవరికైనా రైలుతో చెప్పొచ్చు. నౌపడ-గుణుపురం లైనులో బండికి టైంటేబులు సమయం ఒకటి, ఆలస్యమయ్యాక యాప్‌లో చూపించే సమయం ఇంకొకటి. మొదటిది ‘డ్యూ’, రెండోది ‘ఎక్స్‌పెక్టెడ్’. మొదటిది ముందే ఖాయం చేసిన మాట, రెండోది ఇప్పటి పరిస్థితి చూసి వేసిన లెక్క. ఫిర్యాదులో మొదటిదే వాడాలి. ‘ద ఇన్‌స్టాల్‌మెంట్ వాజ్ డ్యూ ఆన్ 10 మే’ అంటే కాగితం మీద ఒప్పుకున్న తేదీ దాటిపోయిందని. ‘వాజ్ ఎక్స్‌పెక్టెడ్ ఆన్ 10 మే’ అంటే మీరు అనుకున్నారు, అంతే. అవతలివాళ్ల బాధ్యత సగం జారిపోతుంది. కేంద్ర పింఛనుదారులు లైఫ్ సర్టిఫికెట్ గురించి రాసేటప్పుడు కూడా ‘ఈజ్ డ్యూ ఇన్ నవంబర్’ అనాలి, అది నియమం కాబట్టి. మరో జాగ్రత్త: ‘డ్యూ టు’ తర్వాత క్రియ వస్తే ‘జరగాల్సి ఉంది’, వస్తువో సంగతో చెప్పే మాట వస్తే ‘దాని వల్ల’, పైన చూసిన ‘డ్యూ టు మీ’లా మనిషి వస్తే బాకీ. ‘డ్యూ టు ఓపెన్’, ‘డ్యూ టు రెయిన్’ రెండూ ఒకే వాక్యంలో పెడితే చదివేవాళ్లు తడబడతారు.

‘షుడ్’ విషయంలో షాపువాళ్లకు భయం ఎక్కువ, అవసరమైన చోట కూడా వాడరు. ‘యూ షుడ్ పే’ అంటే మందలింపే, నిజమే. ‘ద అమౌంట్ షుడ్ రీచ్ ద అకౌంట్ బై ఫ్రైడే’ అంటే మెత్తటి అంచనా. ‘ద అమౌంట్ షుడ్ హావ్ బీన్ క్రెడిటెడ్ బై 5 ఏప్రిల్’ అన్నది ఫిర్యాదులకు దొరికే మంచి వాక్యాల్లో ఒకటి. ఎవర్నీ నిందించదు, జరగాల్సింది జరగలేదని మాత్రం ఖరాఖండీగా చెప్తుంది. ఇది అడిగి పెట్టించుకోండి.

‘సపోజ్డ్ టు’ను మాత్రం అడిగి తీయించుకోండి. ‘వాజ్ సపోజ్డ్ టు కమ్’ అంటే రాలేదనే అర్థం, ఫిర్యాదులో దానికి చోటుంది. మన పని గురించి మనమే రాసుకునే ఉత్తరంలో అది వద్దు. ‘ద వర్క్ ఈజ్ సపోజ్డ్ టు బి కంప్లీటెడ్ బై మార్చ్’ అని కాంట్రాక్టరు ఇచ్చిన కాగితం చదివితే, ఆయనకే నమ్మకం లేదన్నట్టు వినిపిస్తుంది. ‘ఈజ్ షెడ్యూల్డ్ ఫర్ కంప్లీషన్ బై 31 మార్చ్’ అంటే చాలు. పైగా చివరి ‘డి’ ఎగిరిపోయి ‘సపోజ్ టు’ అని పడటం మామూలు. స్పెల్లింగు చూసే సాఫ్ట్‌వేరు దాన్ని పట్టుకోకపోవచ్చు, ఎందుకంటే ‘సపోజ్’ కూడా మాటే.

నష్టపరిహారం అర్జీల్లో నమ్మకం మోతాదు ముఖ్యం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లా ఎంత దెబ్బతిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. అలాంటి సమయంలో రాసే కాగితంలో ‘ద వాల్ మే కొలాప్స్’ అంటే కూలినా కూలొచ్చు, కూలకపోనూ వచ్చు అన్నట్టే. ‘విల్ డెఫినిట్లీ కొలాప్స్’ అంటే ఇంజినీరు రిపోర్టు ఏదని అడుగుతారు. ‘ద వాల్ ఈజ్ లైక్లీ టు కొలాప్స్ ఇన్ ద నెక్స్ట్ హెవీ రెయిన్, యాజ్ ద ఫౌండేషన్ ఈజ్ ఎక్స్‌పోజ్డ్’ అనడం సరైన మోతాదు: అంచనా ఉంది, దాని పక్కనే కంటికి కనబడే ఆధారం ఉంది. కింది నుంచి పైకి వరస ఇలా అనుకోవచ్చు: మైట్, మే, లైక్లీ టు, ఎక్స్‌పెక్టెడ్ టు, విల్, బౌండ్ టు. ఒక మెట్టు మీద ఒక మాటే నిలబడుతుంది. ‘మే లైక్లీ టు’ అని రెండు కలిపి కొడతారు షాపుల్లో, అది ఏ మెట్టు మీదా నిలవదు.

‘వుడ్’ రోగం షాపులది కాదు, మన దేశపు ఆఫీసు ఇంగ్లీషుదే. ‘ద మీటింగ్ వుడ్ బి హెల్డ్ ఆన్ 5 జూలై’ అని సర్క్యులర్లలోనే వస్తుంది. ‘విల్’ కన్నా ‘వుడ్’ మర్యాద అనుకుంటారు. అడిగేటప్పుడు ‘వుడ్ యూ’ మర్యాదే. ఖాయమైన తేదీ చెప్పేటప్పుడు ‘వుడ్’ వేస్తే మాత్రం ‘ఏదో ఒకటి జరిగితే పెడతాం’ అన్న షరతు వాసన వస్తుంది. తేదీ ఖాయమైతే ‘విల్ బి హెల్డ్’.

తేదీల దగ్గర తగిలే దెబ్బ ఇంకోటి. ‘15వ తేదీలోగా’, ‘15 రోజుల్లోగా’ రెండింటికీ మనకు ‘లోగా’నే. ఇంగ్లీషులో తేదీకి ‘బై 15 జూన్’, రోజుల లెక్కకు ‘విదిన్ 15 డేస్’. ‘విదిన్ 15 జూన్’ తప్పు. ‘ప్లీజ్ సెండ్ టిల్ 15 జూన్’ ఇంకా తప్పు, అది 15 దాకా పంపుతూనే ఉండమన్నట్టు. ‘విదిన్ 15 డేస్’ అన్నప్పుడు ఎక్కడి నుంచి లెక్కో రాయకపోతే గడువుకు కాళ్లుండవు. ‘ఆఫ్ రిసీట్ ఆఫ్ దిస్ లెటర్’ అని కలపాలి. షాపువాళ్లు ఈ ఐదు మాటలు వదిలేస్తారు. అలాగే ‘ఇఫ్’, ‘వెన్’ తర్వాత ‘విల్’ పెట్టే అలవాటు ఒకటుంది: ‘వెన్ ఐ విల్ రిసీవ్ ద ఆర్డర్’. ఆ సగంలో ‘విల్’ ఉండదు, రెండో సగంలో ఉంటుంది: ‘వెన్ ఐ రిసీవ్ ద ఆర్డర్, ఐ విల్ సబ్మిట్ ద బాండ్’.

సమాచార హక్కు కాగితాలకు ప్రత్యేకంగా ఒక మాట. చట్టం 7వ సెక్షను ప్రకారం దరఖాస్తు అందిన 30 రోజుల్లో జవాబివ్వాలి. ఒక మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిందైతే 48 గంటల్లో. గడువు చట్టంలోనే ఉండగా ‘ఐ హోప్ యూ విల్ కైండ్లీ’ అని బతిమాలడం అనవసరం. మొదటి అప్పీలుకు వెళ్లినప్పుడు మరీ అనవసరం. జవాబు రాకపోతే నిరాకరించినట్టే చట్టం లెక్క, అంచేత ‘ద ఇన్ఫర్మేషన్ వాజ్ డ్యూ బై’ అని తేదీ వేసి, ‘నో రిప్లై హాజ్ బీన్ రిసీవ్డ్’ అంటే అప్పీలుకు ఆధారం వచ్చేసినట్టే. ఆ గడువు ముగిశాక 30 రోజుల్లో అప్పీలు వేయాలి. దరఖాస్తు ఆఫీసుకు అందిన తేదీ ఉన్న రసీదు దాచుకోకపోతే ఈ లెక్కలేవీ నిలవవు.

మరి ఈ తప్పులు తరం తర్వాత తరం ఎలా దిగుతున్నాయంటే, పాత ఫైళ్లు. కొత్త అర్జీ కొత్తగా రాయరు. కంప్యూటరులో ఉన్న పాతది తెరిచి పేరు, ఊరు, సబ్జెక్టు మారుస్తారు. చివరి పేరా మారదు. అక్కడ ‘ఫర్ దిస్ యాక్ట్ ఆఫ్ కైండ్‌నెస్ ఐ షల్, యాజ్ ఇన్ డ్యూటీ బౌండ్, ఎవర్ ప్రే’ అని కోర్టు పిటిషన్ల నాటి వాక్యం వచ్చి కూర్చుంటుంది. ‘నా ధర్మంగా ఎప్పటికీ మీ మేలు కోరి ప్రార్థిస్తాను’ అని దాని భావం. కోర్టు కాగితంలో సంప్రదాయం కాబట్టి ఉండనీండి. గ్యాసు కనెక్షను బదిలీకి ఎందుకు? అసలు మనం ఎప్పటికి ఏం కావాలని అడగాలో ఆ చోటు ఈ ప్రార్థన తినేస్తుంది. జనం నోట్లో లేని భాష రాతలో ఎందుకని జీవితాంతం వాదించిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరిది. ఆయన పోరాటం తెలుగు కోసం. ఇంగ్లీషు గ్రాంథికం మాత్రం ఇక్కడే చల్లగా బతికేస్తోంది. అడిగితే ‘బాబాయ్, అందరికీ ఇలాగే ఇస్తున్నాం, ఏ ఆఫీసూ తిప్పి పంపలేదు’ అంటారు. తిప్పి పంపరు, నిజమే, ఫైల్లో పెట్టి ఊరుకుంటారు.

మహిళా సంఘాల, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు కూడా ఇక్కడే టైపవుతాయి. వాటిలో ‘ఎక్స్‌పెక్టెడ్ అవుట్‌కమ్’ అని ఒక శీర్షిక ఉంటుంది. దాని కింద చేయబోయే పనుల జాబితా కొట్టేస్తారు. జీడిపప్పు ప్రాసెసింగులో 30 మందికి శిక్షణ ఇవ్వడం అవుట్‌పుట్. ఆ శిక్షణ వల్ల వాళ్ల ఆదాయం పెరగడం అవుట్‌కమ్. మొదటిది మన చేతిలో ఉంది, ‘విల్ బి ట్రెయిన్డ్’ అని రాయొచ్చు. రెండోది పంట, ధర, కొనేవాళ్ల మీద ఆధారపడింది, అక్కడ ‘ఈజ్ ఎక్స్‌పెక్టెడ్ టు ఇంక్రీజ్’ అనాలి, ఎంత కాలంలో అన్నది కలపాలి, ఎలా కొలుస్తారో చెప్పాలి. ఇంకా మొదలుకాని ప్రాజెక్టులో ‘వాజ్ ఎక్స్‌పెక్టెడ్ టు’ అని భూతకాలం పడితే, అనుకున్నాం గాని కాలేదు అని చదువుకుంటారు. రిపోర్టుల విషయంలో మా మాట: టైపుకు ఇవ్వండి, ఆ శీర్షిక కింది వాక్యాలు మాత్రం రాసుకుని వెళ్లండి.

అర్జీకైనా అంతే. షాపుకు వెళ్లేముందు ఒక కాగితం మీద తెలుగులోనే నాలుగు ముక్కలు వేసుకోండి: ఎవరు చేయాలి, ఏం చేయాలి, ఏ తేదీకి, ఆ తేదీకి ఆధారం ఏమిటి. ఆధారం నియమమా, అవతలివాళ్లు ఇచ్చిన మాటా, మన అవసరమా అన్నది కుర్రాడికి విడమరిచి చెప్పండి. నియమమో మాటో అయితే ‘డ్యూ’, మన అవసరమైతే ‘రిక్వెస్ట్’, ఉత్త అంచనా అయితే ‘లైక్లీ’ లేదా ‘ఎక్స్‌పెక్టెడ్’. పాత ఫైలు తెరిస్తే తెరవనివ్వండి, ఫార్మాటు దానివల్లే బాగుంటుంది. చివరి పేరా మాత్రం చెరిపించి కొత్తగా చెప్పి కొట్టించండి. ప్రింటు తీసేముందు తెర మీద ‘మస్ట్’, ‘వుడ్’, ‘సపోజ్’, ‘విదిన్’, ‘యూ ఆర్ ఎక్స్‌పెక్టెడ్’ ఉన్నాయేమో వెతికించండి. కీబోర్డు మీద కంట్రోల్, ఎఫ్ నొక్కితే నిమిషం పని. ఇంగ్లీషు రానివాళ్లు కూడా తేదీ ముందున్న మాట ‘బై’యేనా అని అడిగి తెలుసుకోవచ్చు.

ధరల బోర్డు ఉంటుందని ఆశపడొద్దు. టైపుకు వేరు, మాటలు కూర్చి రాసిపెట్టినందుకు వేరు, ప్రింటుకు వేరు. మూడూ కలిపి ఎంతో ముందే అడగండి. దిద్దుబాటుకు మళ్లీ డబ్బులా అన్నదీ అప్పుడే తేల్చుకోండి. ఫైలు వాట్సాప్‌లో పంపమంటే చాలాచోట్ల కాదనరు. పీడీఎఫ్ ఒక్కటే కాకుండా దిద్దుకోవడానికి వీలైన వర్డ్ ఫైలు కూడా తీసుకుంటే, గడువు దాటాక గుర్తుచేసే ఉత్తరం ‘వాజ్ డ్యూ’ అని మార్చి ఇంటి దగ్గరే తయారుచేసుకోవచ్చు. ఆఫీసులు తెరిచే వేళ రద్దీ ఎక్కువ, ఆ హడావుడిలో చివరి పేరా మార్చమంటే విసుక్కుంటారు. మధ్యాహ్నం భోజనాల తర్వాత వెళ్తే కూర్చోబెట్టి చేసిస్తారు.